బావగారి కుడి భుజం అదిరిన ఏడాది

మా బావగారి కుడి భుజం దానంతట అది కదలడం మొదట చూసింది నేనే. చూసి, ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నదీ నేనే.

ఎండాకాలం సెలవుల్లో ఒక మధ్యాహ్నం. భోజనాలయ్యాక ఆయన వీధి వసారాలో పడక కుర్చీలో, చొక్కా విప్పేసి, తుండు ఛాతీ మీద వేసుకుని నిద్రపోతున్నారు. మజ్జిగ గ్లాసు బల్ల మీద పెట్టి వెనక్కి తిరగబోతుంటే ఆ భుజం కనిపించింది. మనిషి కదలడం లేదు. ఊపిరి నిదానంగా ఆడుతోంది. భుజం మీద చర్మానికీ ఎముకకీ మధ్య మాత్రం ఏదో చిన్న ప్రాణి దొర్లుతోంది. ఒకచోట ఆగుతుంది, రెండంగుళాల అవతల మొదలవుతుంది. దుప్పటి కింద పిల్లికూన తిరుగుతున్నట్టుంది. నేను గ్లాసు కేసి చూసి, మళ్ళీ భుజం కేసి చూశాను. ఇంకా కదులుతూనే ఉంది. ఆయన నిద్రపోతున్నారు, ఆ చెయ్యి నిద్రపోవడం లేదు. పగటిపూట, ఎండ పట్టపగ్గాల్లేకుండా కాస్తుండగా, నాకు చలి పుట్టింది.

మా పెళ్ళయి అప్పటికి తొమ్మిదేళ్ళు. బావగారు మా ఆయనకి అన్నగారు, పన్నెండేళ్ళు పెద్ద. మామగారు తొందరగా పోవడంతో తమ్ముణ్ణి పెంచిందీ చదివించిందీ ఆయనే. ఆయనకి పిల్లలు లేరు. మా ఊరు ద్రాక్షారామానికి కాస్త దిగువన, కాలువ గట్టు పక్కన. నేను రామచంద్రపురంలో జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. ఏడాదికోసారి నరాల బొమ్మ బోర్డు మీద వేసి, పిల్లల చేత భాగాలు గుర్తింపజేసే ఉద్యోగం. ఆ కాస్తకే మా ఇంట్లో నాకు సగం డాక్టరు హోదా ఉండేది. మిగతా సగం మా అత్తగారిది. ఆవిడ దగ్గర పంచాంగం ఉంది.

వారం తిరక్కుండా మా తోటికోడలు కూడా చూసింది. నేను అక్కయ్య అని పిలిచేదాన్ని. ఆయనకి వీపు రుద్దుతూ చూసి హడలిపోయింది. "ఇదేంటండీ, కండ అన్నం ఉడికినట్టు ఉడుకుతోంది" అందిట. చేలో మందు కొట్టే డబ్బా మోసిన చెయ్యి కదా, అలిసిందని ఆయన నవ్వేశారు. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని పంచాంగం చివరి కాగితాలు తిప్పారు. బల్లి ఎక్కడ పడితే ఏమవుతుందో, ఏ అవయవం అదిరితే ఏం జరుగుతుందో అక్కడ వరసగా ఉంటుంది. ఆవిడకి అవి కంఠతా వచ్చు. అయినా చూసే చెబుతారు, అచ్చులో ఉన్న మాటకి బలం ఎక్కువని.

"మగవాళ్ళకి కుడి వైపు మంచిది. కుడి భుజం అదిరితే అయినవాళ్ళతో కలయిక" అని చదివి, కళ్ళజోడు పైనుంచి మా గది వైపు చూశారు. గదిలో మా ఆయన ఉన్నారు. వసారాలో బావగారున్నారు. ఆ ఇద్దరూ మాట్లాడుకుని అప్పటికి ఆరేళ్ళు.

ఆ రోజు నుంచి ఆ భుజం అదిరినప్పుడల్లా ఇంటిల్లిపాదీ సంతోషించాం. అక్కయ్య వంటింట్లోకి వచ్చి "ఇవాళ మోచెయ్యి దాకా వచ్చిందమ్మా" అని చెప్పేది. అత్తగారు దండం పెట్టుకునేవారు. ఒక మనిషి నరం నరంగా చచ్చిపోతుంటే దానికి శుభశకునమని పేరు పెట్టుకుని అయిదారు నెలలు గడిపేశాం.

అన్నదమ్ముల గొడవ చేపల చెరువు గురించి. పెద్దాయన వద్దన్నా వినకుండా మా ఆయన తన వాటా పొలంలో చెరువు తవ్వించారు. మా చుట్టుపక్కల అందరూ తవ్వుతున్న రోజులవి. మొదటి ఏడే చెరువు ఊట పక్క చేలోకి దిగి, అక్కడి రెండో పంట దాళ్వా వరి నిలబడిన చోటే కుళ్ళింది. ఆ చేను చేసేది ఒక కౌలు రైతు. అతను వచ్చి, ఒక్క మాటా అనకుండా, కుళ్ళిన వరి దుబ్బు ఒకటి మా అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. బావగారు ఆ దుబ్బుని తీసుకొచ్చి, అన్నం తింటున్న తమ్ముడి కంచం పక్కన పెట్టారు. మా ఆయన ఎంగిలి చేత్తోనే లేచిపోయారు. అంతే, మాటలు పోయాయి.

ఇల్లు మాత్రం ఒక్కటే, పొయ్యి ఒక్కటే. అందుకని మాటలు మూడో మనిషి మీదుగా నడిచేవి. ఇద్దరూ ఒకే వరసలో భోజనానికి కూర్చుని, "అమ్మా, రేపు కాలువ కట్టేస్తారని పెద్దాడికి చెప్పు" అని మా ఆయన అంటే, పెద్దాడు రెండు గజాల దూరంలో వింటూనే ఉండి, అత్తగారు తిరిగి చెప్పేదాకా తల ఎత్తేవారు కాదు. ఆవిడకి చెవుడు వచ్చాక ఆ ఉద్యోగం నాకు పడింది. ఎదురుగా ఉన్నప్పుడు ఉన్నమాట ఉన్నట్టు చెప్పేదాన్ని. ఒకరు చెరువు దగ్గరా ఒకరు ఇంట్లో ఉన్నప్పుడు ముళ్ళు ఏరి చెప్పేదాన్ని. "వాడి ఖర్మ, వాణ్ణే పడమను" అని బావగారంటే, "జాగ్రత్తగా చూసుకోమన్నారు" అని అక్కడ చెప్పేదాన్ని. కొన్నాళ్ళకి ముళ్ళు తీయడంతో సరిపెట్టలేదు, పువ్వులు కూడా పెట్టడం మొదలెట్టాను. ఇంట్లో శాంతి కోసమేలే అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ పనిలో నాకు గర్వం కూడా ఉండేది.

ఆ ఏడు సార్వా కోతల నాటికి, చలికాలం మొదట్లో, బావగారు కుడి చేత్తో చొక్కా గుండీ పెట్టుకోలేకపోయారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ లోపలికి దిగిపోయి గుంట పడింది. కాకినాడలో ఒక డాక్టరు మెడ దగ్గర నరం నొక్కుకుపోయిందని పట్టీ వేశారు. పట్టీ వేసుకుని తిరుగుతుండగానే ఎడమ చెయ్యి కూడా అదరడం మొదలుపెట్టింది. మగవాళ్ళకి ఎడమ వైపు మంచిది కాదు. అత్తగారు పంచాంగం మూసేశారు. అప్పుడు విశాఖ వెళ్ళాం. కారు మా ఆయనే నడిపారు. "సీటు వెనక్కి వాల్చుకోమని చెప్పు" అని అద్దంలో చూస్తూ నాతో అన్నారు. నేను చెప్పాను. బావగారు వాల్చుకున్నారు.

అక్కడ చేసిన పరీక్ష నేను మర్చిపోలేను. సన్నటి సూది చేతి కండలోకి దించి, దాని తీగ ఒక మిషన్‌కి కలిపారు. మిషన్‌కి చిన్న స్పీకరు ఉంది. చెయ్యి పూర్తిగా వదిలెయ్యండి, కదపకండి అన్నారు. ఆయన వదిలేశారు. ఏ పనీ లేని కండ నిశ్శబ్దంగా ఉండాలి. స్పీకరులోంచి మాత్రం రేకుల ఇంటి మీద చినుకులు పడుతున్నట్టు టపటపమని చప్పుడు మొదలైంది. ఆగదు. ఒక్కోసారి జోరుగా, ఒక్కోసారి విడివిడిగా. బావగారు తన చేతినే చూస్తూ, "ఇదంతా నాలోంచేనా అండి" అని అడిగారు. అవునన్నారు.

డాక్టరుగారు మా ముగ్గుర్నీ, అంటే బావగారినీ అక్కయ్యనీ నన్నూ, లోపలికి పిలిచారు. మా ఆయన బయట వరండాలోనే ఉండిపోయారు. నేను టీచరునని తెలిసి డాక్టరుగారు నా వైపు చూస్తూ మొదలుపెట్టారు, కానీ నాలుగు మాటల్లోనే బావగారి వైపు తిరిగారు.

"మీది వ్యవసాయం కదండీ. తూములోంచి నీళ్ళు రాకపోతే చేను లేదు. వచ్చిన నీళ్ళు పని చేసి మురుగు కాలవలోకి దిగిపోవాలి. దిగకపోతే ఏమవుద్ది?"

"దుబ్బు కుళ్ళిపోద్దండి."

ఒక నరం చివర ఇంకో నరాన్ని తాకదనీ, మధ్యలో సందు ఉంటుందనీ, అక్కడ గ్లూటమేట్ అనే పదార్థం ఊరి, కదులు అనే కబురు అవతలికి చేరుస్తుందనీ చెప్పారు. చేర్చాక అది అక్కడ ఉండకూడదు, వెంటనే తుడుచుకుపోవాలి. ఈ జబ్బులో అది నిలిచిపోతుందని అనుకుంటున్నారట. కబురు ఆగకుండా అందుతుంటే అవతలి నరం అదిరి అదిరి, ఆ అదురుకే చచ్చిపోతుంది. దానితోపాటు కండ పోతుంది. ఎందుకొస్తుందో మాత్రం ఎవరికీ తెలియదన్నారు. ఒక మాత్ర ఉంది, రిలుజోల్. అది తూము తలుపుని కొంచెం దించుతుంది, గ్లూటమేట్ ఊరడం తగ్గిస్తుంది.

"కుళ్ళిన దుబ్బు మళ్ళీ లేవదు కదండీ" అన్నారు బావగారు.

"లేవదండి. మిగిలిన చేను ఇంకొన్నాళ్ళు నిలబడుద్ది. కొన్నాళ్ళే."

ఏ వరసలో పోతాయని ఆయనే అడిగారు, ఏ చేను ముందు కోతకొస్తుందని అడిగినంత మామూలుగా. చేతులు, కాళ్ళు, నాలుక, మింగడం, చివరికి ఊపిరి. వరస మారవచ్చు. బుర్రకి ఏమీ కాదు. కళ్ళ జోలికి సాధారణంగా రాదు. అక్కయ్య అప్పటికే కొంగు నోట్లో కుక్కుకుంది.

తిరుగు ప్రయాణంలో అన్నవరం దగ్గర ఆగాం. అక్కయ్య మొహం కడుక్కోవడానికి దిగింది, మా ఆయన కాఫీలు తేవడానికి వెళ్ళారు. కారులో బావగారూ నేనూ మిగిలాం. ఆయన నాతో అవసరానికి మించి మాట్లాడరు, నేను ఆయన ముందు కుర్చీలో కూర్చోను. అలాంటిది, ముందు సీట్లోంచి వెనక్కి తిరగకుండానే అన్నారు:

"అమ్మాయ్, చెయ్యి అయితే నాకే కనపడద్ది. నాలిక అద్దంలో చూసినా నేను పోల్చుకోలేను. నువ్వు చదువుకున్నదానివి. వారం వారం చూసి, అది కదలడం మొదలెట్టిన రోజున నాకు చెప్పాలి. మాట పోయేలోగా వాడితో నాకో మాట ఉంది."

"ఇప్పుడే చెప్పేయొచ్చు కదండీ బావగారూ" అన్నాను.

"ఇప్పుడు చెబితే చావు భయంతో చెప్పాడనుకుంటాడు. మాత్ర వేసుకుంటున్నాను కదా, టైముంది."

ఆ మాట ఏమిటో నేను అడగలేదు. అడిగే చనువు లేదు.

ఇంటికొచ్చాక మాత్రల పద్ధతి నాకు అప్పగించారు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, రెండూ ఖాళీ కడుపున. మందు కాలేయాన్ని ఇబ్బంది పెట్టకుండా చూడటానికి అప్పుడప్పుడు రక్తపరీక్ష. మా కాలేజీ కెమిస్ట్రీ మేష్టారు, గ్లూటమేట్ టమాటాల్లో కూడా ఉంటుంది కదా అని నోరు జారారు. నేను అది ఇంట్లో చెప్పడం, అత్తగారు టమాటాలు గేటు దాటి లోపలికి రాకూడదని శాసించడం ఒకేసారి జరిగాయి. తిండిలో ఉన్నది నరాల సందుల్లోకి వెళ్ళదని డాక్టరుగారు చెప్పినా ఆవిడ వినలేదు. ఏడాదిపాటు మా ఇంట్లో టమాటా పప్పు లేదు. ఆవిడ చేయగలిగింది అది, చేశారు.

ఆదివారం పొద్దున్నే, ఎండ కిటికీలోంచి పడే చోట, బావగారు స్టూలు మీద కూర్చుని నోరు తెరిచేవారు. నాలుక బయటికి చాపకూడదు, చాపితే ఎవరి నాలుకైనా వణుకుతుంది. లోపలే, పడుకున్నట్టు ఉంచాలి. నేను వంగి చూసేదాన్ని. ఏళ్ళ తరబడి ఆయన మాటలు మోసిన నాకు, ఆ మాటలు పుట్టే చోటు చూడటం అదే మొదలు. ఎర్రగా, తడిగా, కదలకుండా ఉండేది. "ఏమీ లేదండి" అనేదాన్ని. ఆయన నోరు మూసుకుని, తల ఊపి, లేచి వెళ్ళేవారు. చేతులు ఎక్కడెక్కడ ఎంతెంత అదురుతున్నాయో ఒక నోటుపుస్తకంలో రాసేదాన్ని కూడా. చెయ్యి బొమ్మ వేసి, అదిరిన చోట పెన్సిల్ చుక్కలు. వేస్తుంటే నా చెయ్యి కూడా అదురుతున్నట్టుండి, ఆపి చూసుకునేదాన్ని.

విశాఖ వెళ్ళొచ్చి ఏడాది కావస్తోంది. ఎడమ చేతి బలమూ పోయింది, అక్కయ్య అన్నం కలిపి నోట్లో పెడుతోంది. అయితే వానలు వెనకబట్టే వేళకి నా పుస్తకంలో కుడి చేతి మీద చుక్కలు తగ్గుతూ వచ్చాయి. దసరా వెళ్ళేసరికి ఒక్కటీ లేదు. కార్తీకమాసం మొదట్లో అక్కయ్య ఆ చేతి మీద అరచెయ్యి వేసి చాలాసేపు పట్టుకుని చూసి, గట్టిగా ఏడ్చేసింది. "ఆగిపోయిందమ్మా. మాత్ర పనిచేసింది" అంది.

ఇల్లంతా తేలికపడింది. అత్తగారు మళ్ళీ పంచాంగం తీశారు, మంచి రోజు కోసం. సోమవారం అందరం ద్రాక్షారామం వెళ్ళి భీమేశ్వరుడికి అభిషేకం చేయించాం. మా ఆయన కూడా వచ్చారు, అన్నగారికి నాలుగడుగుల వెనక నిలబడ్డారు. బావగారి మొహంలో చాలాకాలం తరవాత కళ కనిపించింది. నేను ఆయన భుజం కేసి చూశాను. కొత్త పంచె, ఉత్తరీయం. ఉత్తరీయం జారిన చోట భుజం ఎముకా దాని మీద చర్మమూ ఉన్నాయి. మధ్యలో ఏమీ లేదు. ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పలేను. అది కదులుతున్న రోజుల్లో కూడా నాకంత భయం వెయ్యలేదు.

మర్నాడు రామచంద్రపురంలో ఎస్‌టీడీ బూత్ నుంచి విశాఖ డాక్టరుగారికి ఫోన్ చేశాను. అదురు ఆగిందంటే మందు పనిచేసినట్టా అని అడిగాను. ఆయన "లేదమ్మా. అదరడానికి అక్కడ కండ మిగల్లేదు" అన్నారు. మందు వల్ల అసలు లాభమే లేదా అని అడిగాను. ఉండే ఉంటుందన్నారు, ఒక నాలుగు నెలలో ఇంకాస్తో కలిసొచ్చి ఉంటుంది, మందు లేకపోతే ఇంకా ముందే ఇదంతా జరిగేదేమోనన్నారు. మందు వేసుకోకపోతే ఎలా ఉండేదో చూపించడానికి మాకు ఇంకో బావగారు లేరు. మానొద్దు, వేస్తూనే ఉండండి అన్నారు.

ఆ విషయం ఇంట్లో చెప్పలేదు. ఎలా చెబుతాను? అక్కయ్య ఏడాది తరవాత మొదటిసారి తలలో పూలు పెట్టుకుంది.

ఆ ఆదివారం ఎప్పట్లాగే ఆయన స్టూలు మీద కూర్చుని నోరు తెరిచారు. ఎండ సూటిగా లోపలికి పడింది. నాలుక అంచుల్లో, రెండు పక్కలా, సన్నగా కదులుతోంది. వానపాముల్ని దోసిట్లో పట్టుకుంటే కదిలినట్టు. నాలుక మాత్రం ఉన్నచోటే ఉంది. నేను ఎంతసేపు వంగి ఉన్నానో తెలియదు. ఆయన కళ్ళు నా మొహం మీద ఉన్నాయి.

"ఏమీ లేదండి" అన్నాను.

ఎందుకన్నానని నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఇల్లు సంతోషంగా ఉంది, ఒక్క వారం ఉండనిద్దాం అనుకున్న మాట నిజం. ఇంకొకటి కూడా నిజం. ఆ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటే, ఇన్నేళ్ళుగా నేను మోసిన మాటల్లో సగం నా సొంతమని బయటపడుతుంది. "నువ్వు ఆ రోజు అలా అన్నావుట కదా" అని ఒకరంటే, "నేనెప్పుడన్నాను" అని ఇంకొకరు అంటారు. నేను భయపడ్డాను. ఒక మనిషి మాట పోతుంటే నా పరువు గురించి భయపడ్డాను. తరవాతి ఆదివారం అదే అబద్ధం తేలిగ్గా వచ్చింది. ఆ తరవాత ఇంకా తేలిగ్గా. శివరాత్రి దాకా అలాగే చెప్పాను.

శివరాత్రి ముందు ఒకరోజు మంచినీళ్ళు తాగుతుంటే ఆయనకి పొలమారింది. మొహం నల్లబడిపోయేదాకా దగ్గారు. తేరుకున్నాక అక్కయ్యని లోపలికి వెళ్ళమని, నన్ను ఉండమన్నారు. అప్పటికే మాట మందంగా, ముక్కులోంచి వస్తోంది. జలుబు చేసిందని అత్తగారు మిరియాల కషాయం కాస్తున్నారు.

"ఎప్పట్నించి?" అన్నారు.

"కార్తీకం నుంచండి" అన్నాను. అబద్ధం చెప్పడానికి ఇక చోటు లేదు.

ఆయన నన్ను చూసి నవ్వారు. మొదట చిన్నగా, తరవాత ఒళ్ళంతా కుదిపేస్తూ, ఆపుకోలేనట్టు. కళ్ళలో మాత్రం నవ్వు లేదు. కళ్ళు నన్నే చూస్తూ, ఆ నవ్వు ఎవరిదో తెలియనట్టు బిత్తరపోయి ఉన్నాయి. నేను గోడకి అంటుకుపోయాను. నవ్వు దానంతట అది మొదలైనట్టే, దానంతట అది ఆగిపోయింది.

నేను చెప్తానండీ, మీరు చెప్పాలనుకున్నది నాతో చెప్పండి, ఒక్క ముక్క పొల్లు పోకుండా చెప్తాను అన్నాను. ఏడుస్తూనే అన్నాను.

ఆయన నాలుకని కూడగట్టుకున్నారు. "వద్దు" అన్నారు. ఊపిరి తీసుకుని, "నువ్వు... మారుస్తావు" అన్నారు.

ఆయనకి మొదటినుంచీ తెలుసు.

ఆ సాయంత్రమే మా ఆయన్ని చెరువు దగ్గర నుంచి పిలిపించి, అన్నగారి మాట పోతోందనీ, మీతో ఏదో చెప్పాలంటున్నారనీ చెప్పి పంపాను. ఆయన వసారాలోకి వెళ్ళి, అన్నగారి కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, అన్నేళ్ళ తరవాత మొదటిసారి "అన్నయ్యా" అన్నారు. బావగారు నోరు తెరిచారు. తెరిచిన నోట్లోంచి ఆ నవ్వే వచ్చింది. ఇల్లంతా వినిపించేలా నవ్వారు. మా ఆయన మొహం పాలిపోయి, లేచి, చెప్పులు కూడా తొడుక్కోకుండా వెళ్ళిపోయారు. నేను డాక్టరుగారిని ఫోన్‌లో అడిగి వచ్చి, ఆ నవ్వు ఆయనది కాదు, నరాలది అని ఎంత చెప్పినా వినలేదు. "నన్ను చూసి నవ్వాడే. పిలిచి మరీ నవ్వాడు" అని అదే మాట. వీళ్ళింట్లో పట్టుదలకి కొదవ లేదు.

మూడు వారాలు పోయాక, ఒక పొద్దున మా వీధిలో ఎవరిదో శవం వెళ్ళింది. ముందు డప్పులు, వెనక ఏడుపులు. వసారాలోంచి బావగారి నవ్వు మొదలైంది. పాడె మోసేవాళ్ళు తలలు తిప్పి చూశారు. ఆయన కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతున్నాయి, నోరు నవ్వుతూనే ఉంది. మా ఆయన గది గుమ్మంలో నిలబడి అది చూశారు. శవం వంతెన దాటేదాకా అలాగే నిలబడి, అప్పుడు వెళ్ళి అన్నగారి ముందు కూర్చుని, ఆయన రెండు చేతులూ తన ఒళ్ళోకి తీసుకున్నారు.

బావగారు చెప్పారు. ఎంతో సేపు చెప్పారు. ఆగి, ఉమ్మి మింగి, మళ్ళీ చెప్పారు. అది ఒక వాక్యమే అయి ఉంటుంది, ఎందుకంటే రెండుసార్లూ ఒకే చోట ఆగారు. కానీ అందులో హల్లులు లేవు. నీళ్ళలోంచి ఎవరో పిలుస్తున్నట్టు అచ్చులే వస్తున్నాయి. మా ఆయన చెవిని అన్నగారి నోటి దగ్గర పెట్టి విన్నారు. అర్థం కాలేదు. అక్కయ్యకీ కాలేదు. అప్పుడు అందరూ చేసేదే ఆయనా చేశారు. నా వైపు తిరిగారు.

"ఏమంటున్నాడే?"

నాకూ అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పడానికి ఒక్క క్షణం చాలు. మా ఆయన మొహం చూశాను.

"చెరువు సంగతిలో తప్పు నాదేరా అంటున్నారు. కంచం ముందు నుంచి నిన్ను లేపకుండా ఉండాల్సింది అంటున్నారు" అన్నాను.

మా ఆయన అన్నగారి చేతుల్లో తల పెట్టి, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. అక్కయ్యా ఏడ్చింది. బావగారు ఏడవలేదు, నవ్వలేదు. మెడ తిప్పే బలం లేదు. కళ్ళు ఎత్తి నన్ను చూసి, వాటిని ఎడమకీ కుడికీ తిప్పారు. నిదానంగా, రెండుసార్లు. కాదు అని. ఆ వసారాలో తల ఎత్తి ఉన్నది నేనొక్కదాన్నే.

ఆ తరవాత ఆయన అయిదు నెలలు బతికారు. మాత్రలు చివరిదాకా వేశాం. ఒక అట్ట మీద అక్షరాలు రాసి, ఒక్కొక్కటే చూపిస్తూ, కావలసిన దగ్గర కళ్ళు మూయమంటే, ఆయన చెప్పాలనుకున్నది మొత్తం చెప్పగలిగేవారు. ఆ ఉపాయం నాకు అప్పుడే తోచింది. టీచరుని, తోచకుండా ఎలా ఉంటుంది? అట్ట కూడా కాలేజీ నుంచి తెచ్చాను. తెచ్చి, బీరువా వెనక పెట్టాను. ఆ వాక్యం క్షమాపణ కాకపోతే? తమ్ముడు ఆ ఏడ్చిన ఏడుపుతో ఇంటికి వచ్చిన నెమ్మది ఏమవుతుంది? నేనేమవుతాను? రోజూ అన్నం పెట్టడానికి అక్కయ్యకి సాయం వెళ్ళినప్పుడల్లా ఆయన కళ్ళు నా మీదే ఉండేవి. నేను చెంచా కేసి చూస్తూ పని ముగించేదాన్ని.

మా ఆయన ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతారు. పోయే ముందు అన్నయ్య నాతో మాట్లాడాడనీ, తప్పు నాదేరా అన్నాడనీ, నేను అన్నేళ్ళు పంతానికి పోయినందుకు సిగ్గుపడుతున్నాననీ. చెప్పి, కళ్ళు తుడుచుకుని, నా వైపు తిరుగుతారు.

"నువ్వు పక్కనే ఉన్నావు కదే."

"ఉన్నానండీ" అంటాను.